పదిహేడో గొంతు

రండి, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. సంచులు గోడవారకు నెట్టేయండి. చాప చాలకపోతే గచ్చు మీద కూర్చోండి, చల్లగానే ఉంది. ఇవాళ లెక్కలు చెప్పను, కథ చెబుతాను. ఇందులో ఒక మిషను ఉంది, ఒక జంతువు ఉంది, గొర్రెలు కాచుకునే ఒక ఆవిడ ఉంది. మిషను సంగతి అర్థం కాకపోతే మధ్యలో ఆపి అడగండి. ఆవిడ సంగతి అర్థం కాకపోతే మాత్రం చివరిదాకా ఓపిక పట్టండి.

నల్లచేలపాడు పడమటి బీడులో పాతిన కొత్త స్తంభం పొద్దు గూకే వేళ మొదటిసారి నోరు తెరిచింది. అది ముప్పై అడుగుల ఇనప స్తంభం. నెత్తిన సోలార్ ప్యానెల్, దాని కింద నాలుగు దిక్కులకూ నాలుగు స్పీకర్లు, వాటి మధ్య గుప్పెడంత మైక్రోఫోను. స్తంభం మొదట్లో మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని డాక్టర్ హైమవతి కూర్చుంది. జంతువుల కూతల మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన శాస్త్రవేత్త. ఆమె మీట నొక్కగానే స్తంభం ఊళ వేసింది. అది నక్క ఊళా కాదు, తోడేలు ఊళా కాదు. సన్నగా మొదలై, పైకి లేచి, చివర్న ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గుట్ట వైపు నుంచి ఒక జవాబు, వంక వైపు నుంచి రెండు, ఆపైన అన్ని వైపుల నుంచీ. తెర మీద ఒక్కో గొంతుకూ ఒక్కో గీత లేచింది, ఒక్కో గీత పక్కనా ఒక్కో నంబరు పడింది. హైమవతి ఆ బీడులో వదిలిన కొత్త జంతువులు ముప్పై రెండు. తెర మీద నలభై ఒక్క గొంతులు వచ్చాయి. ఆమె రెండోసారి, మూడోసారి చూసుకుంది. తొమ్మిది గొంతులు ఎక్కువ. పన్నెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరి కంటా పడని తోడేళ్ళు ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయన్నమాట. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చున్నచోటు నుంచే పై ఆఫీసుకు రాసి పంపింది.

మూడు చేల అవతల, ముళ్ళకంప కట్టిన దొడ్డిలో ఉరుకుందమ్మ గొర్రెపిల్లను తల్లి పొదుగు దగ్గర నిలబెట్టి పాలు పట్టిస్తోంది. ఆమె మొగుడు బీరప్ప అప్పుడే పెద్ద కేక వేసి, గొంతు సవరించుకుంటున్నాడు.

"ఏందయ్యా ఆ కూత? ఇనుము అరిసినట్టుండాది," అంది ఆమె.

"ఏదైతే మనకేంది. అది కూసింది, మనం పలికినాం," అన్నాడు బీరప్ప.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో గొర్రెలు కాచే కురువలకు మారుకేక అని ఒక అలవాటు ఉంది. పొద్దు వాలాక బీడులో ఏది ఊళ వేసినా, దొడ్డి దగ్గరున్న మగమనిషి లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని జవాబు కేక వేస్తాడు. మేం మెలకువగానే ఉన్నాం, నీ దోవన నువ్వు పో అని జంతువుకు చెప్పడం అది. అదే కేక విని గొర్రెలు మెడలు కలుపుకుని, కాపరి చుట్టూ గుంపుగా నిలబడతాయి. ఒకే కేక జంతువుకు పొమ్మని వినిపిస్తుంది, మందకు రమ్మని వినిపిస్తుంది. ఒక్కొక్కరి కేకకు ఒక్కో మలుపు. బీరప్ప కేక చివర్న ఏదో ప్రశ్న అడిగినట్టు పైకి లేచి ఆగిపోయేది. ఆ చుట్టుపక్కల దొడ్లు తొమ్మిది.

అలవాటు ఇంకొకటి కూడా ఉంది. పొద్దు గూకే వేళ తోడేలు పేరెత్తరు. హైమవతి స్తంభం పాతకముందే ఊరంతా తిరిగి, సాయంత్రాలు తోడేళ్ళు వస్తాయా అని అడిగింది. బీరప్ప తమ్ముడు మారెన్న చేతులు అడ్డం ఊపి, ఈ యాళప్పుడు ఆ పేరెత్తగాకు మేడం అన్నాడు. ఆమె దాన్ని, వస్తాయి అని రాసుకుంది. మీకేం కూతలు వినిపిస్తాయి అని ఆమె అడిగింది గానీ, మీరేం కూస్తారు అని ఎవరినీ అడగలేదు.

అసలు ఆ స్తంభం ఎందుకొచ్చిందంటే, జింకల వల్ల. ఆ నల్లరేగడి చేలలో కృష్ణజింకలు వేలల్లోకి పెరిగిపోయాయి. శనగ మొలక రెండాకులు వేస్తే చాలు, తెల్లారేసరికి చేను నున్నగా ఉండేది. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో రైతులు ఇల్లు మరిచిపోయేవారు. జింకను కొట్టకూడదు, పట్టకూడదు, అది చట్టం. వాటిని తినే తోడేళ్ళా, ఏనాడో పోయాయి. అమెరికాలో కొయోటీ అనే జంతువు ఉంది. మన నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు అనుకోండి. ఎంత తరిమినా చావని, ఎక్కడ వదిలినా బతికే జాతి. హైమవతి పనిచేసే సంస్థ దాన్నీ మన నక్కనూ కలిపి ల్యాబ్‌లో కొత్త జంతువును తయారుచేసింది. దానికో పెద్ద పేరు పెట్టారు. ఊళ్ళో వాళ్ళు చూసి పొడుగుకాళ్ళది అన్నారు. ఆ పేరే నిలిచింది.

మరి అది జింకల్లాగే పెరిగిపోతే? అందుకే స్తంభం. ఈ జంతువుకు ఒక గుణం ఉంది. ఆడది సాయంత్రం పూట చుట్టూ వినిపించే గొంతులను బట్టి ఈనుతుంది. చాలా గొంతులు వినిపిస్తే, చోటు నిండిపోయిందనుకుని రెండో మూడో పిల్లల్ని కంటుంది. గొంతులు తక్కువైతే, చోటు ఖాళీగా ఉందనుకుని ఎనిమిది తొమ్మిది కంటుంది. స్తంభం చేసేది బడిలో నేను చేసే పనే. రోజూ హాజరు తీస్తుంది. ఊళ వేసి, ఎన్ని పలికాయో లెక్కపెట్టుకుంటుంది, విన్న ప్రతి గొంతునూ లోపల దాచుకుంటుంది. జంతువులు ఎక్కువయ్యాయనిపిస్తే, దాచుకున్న గొంతులన్నీ బయటికి తీసి ఒక పెద్ద గుంపు ఉన్నట్టు కూస్తుంది. తగ్గాయనిపిస్తే నోరు మూసుకుంటుంది. తుపాకీ లేదు, మందు లేదు, ఉచ్చు లేదు. వట్టి గొంతులతో ఒక జాతిని అదుపులో పెట్టడం. బుద్ధిగల మనిషే కనిపెట్టాలి అలాంటిది.

రెండేళ్ళు బాగా నడిచింది. శనగచేలు నిలబడ్డాయి. జింకలు సగానికి తగ్గాయి. మిగిలినవి చేలలో నిలబడి మేయడం మానేసి, చెవులు ఆడించుకుంటూ అటూ ఇటూ పరుగెత్తేవి. పొద్దు వాలితే ఊరి దీపాల కిందికి వచ్చేసేవి. బస్సు షెల్టర్లో పడుకునేవి, బడి వరండాలో పడుకునేవి. నిన్నటిదాకా వాటిని శాపనార్థాలు పెట్టిన రైతే చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి పోయేవాడు. వాటి ఒళ్ళు నిద్రలో కూడా వణికేది.

స్తంభం దాచుకున్న గొంతుల్లో తమవి కూడా ఉన్నాయని కాపరులకు తొందరగానే తెలిసింది. మారెన్న టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఉండగానే బీడులోంచి మారెన్న కేక వినిపించింది. అందరూ విరగబడి నవ్వారు. నీకంటే అదే బాగా అరుస్తాంది బావా, ఇంక నువ్వు ఇంట్లోనే పడుకో అని బావమరిది ఎగతాళి చేశాడు. నిజంగానే కొందరు కేక వేయడం మానేశారు. స్తంభమే వేస్తోంది కదా, మన గొంతు ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నారు. బీరప్ప మాత్రం మానలేదు. స్తంభంలోంచి తన గొంతు వచ్చిన రోజున గొర్రెలు అటు ఒక అడుగు వేసేవి, వెనక్కి తిరిగి ఇక్కడున్న మనిషిని చూసేవి, ఆగిపోయేవి.

మూడో ఏడు శ్రావణంలో, మిట్టమధ్యాహ్నం, బీరప్ప గొర్రెలకు తుమ్మకాయలు రాలుస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఉరుకుందమ్మ నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది.

మూడోనాడు చిన్నదినం జరిగింది. చుట్టాలు వెళ్ళిపోయారు. పొద్దు వాలుతుంటే ఆమె ఒక్కతే దొడ్డి దగ్గరికి వచ్చింది. అరవై తలలు. వాటిని లెక్కపెట్టుకుంటూ ఉండగా స్తంభం కూసింది. మొదట జంతువుల గొంతులు. ఆ తర్వాత బీరప్ప.

అదే కేక, చివర్న అదే ప్రశ్న. చుట్టూ చేలల్లో పనిచేసుకుంటున్నవాళ్ళు చేతులాపి నిలబడిపోయారు. ఉరుకుందమ్మ లెక్క మధ్యలో ఆగిపోయింది. ఆమెకంటే ముందు గొర్రెలు కదిలాయి. మూడు రోజులుగా కనిపించని మనిషి పిలుస్తున్నాడు. అవి వెనక్కి తిరిగి చూశాయి, ఇక్కడ అతను లేడు. ముళ్ళకంపను తోసుకుని, ఒంటి మీద బొచ్చు ముళ్ళకు వదిలేసి, మంద మంద అంతా గొంతు వచ్చిన వైపుకు పరుగెత్తింది. ఆమె వెనకాలే పరుగెత్తింది. స్తంభం చుట్టూ పచ్చిగడ్డి నడుమెత్తు ఉంది. అందులో ముందునుంచే ఏవో కూర్చుని ఉన్నాయి.

పద్నాలుగు గొర్రెలు పోయాయి. మిగిలినవి స్తంభానికి ఒళ్ళు ఆనించి నిలబడి, ఇంకా పైకే చూస్తున్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె మారెన్న చేత నిచ్చెన మోయించుకుని వచ్చింది. బీరప్ప కప్పుకునే నల్ల గొంగడి తెచ్చి, స్పీకర్లనూ మైక్రోఫోనునూ కలిపి చుట్టబెట్టి, నులకతాడుతో బిగించి కట్టింది. మారెన్న కింద నిచ్చెన పట్టుకుని, ప్రభుత్వం వాళ్ళ వస్తువు వదినా, ఏమన్నా అంటారేమో అన్నాడు. పెద్దదినం కాకముందే మనిషిని అట్లా పిలిపిస్తా ఉంటే, ముందు వాళ్ళనే అనల్ల అంది ఆమె. ఊళ్ళో ఎవరూ తప్పు అనలేదు. ఆ సాయంత్రం బీడు ప్రశాంతంగా ఉంది.

ఇప్పుడు మీరు ఆలోచించండి. హాజరు తీసే పంతులు చెవుల్లో ఎవరో దూది కుక్కారు. పేర్లు పిలుస్తున్నాడు, ఒక్కరు పలికినట్టు వినిపించదు. ఏమనుకుంటాడు? అందరూ పోయారనుకుంటాడు. స్తంభం అదే అనుకుంది. జంతువులు అంతరించిపోతున్నాయని పై ఆఫీసుకు రోజూ రాసింది. వాటిని పెరగనివ్వడానికి తన నోరు పూర్తిగా మూసుకుంది. బీరప్ప పోయాక మిగతా కాపరులు కూడా కేకలు మానేశారు. బీడులో సాయంత్రమైతే నిశ్శబ్దం. ఆడజంతువులు ఆ నిశ్శబ్దాన్ని విన్నాయి. ఎండాకాలానికి ఒక్కోటీ ఎనిమిది, తొమ్మిది కన్నాయి. హైమవతిని అప్పటికే వేరే జిల్లాకు మార్చారు. ఆమె స్థానంలో ఉన్నవాళ్ళు తెర మీద సున్నాలు చూసి కంగారుపడి, వ్యానులో ఇంకో ఇరవై జంతువులను తెచ్చి గుట్ట దగ్గర వదిలిపోయారు.

ముందు బడి వరండాలో జింకలు తగ్గాయి. తర్వాత బస్సు షెల్టర్ ఖాళీ అయింది. ఒక పొద్దున చూస్తే ఎక్కడా ఒక్క జింక లేదు. జింకలు మేయని గడ్డి మనిషి నడుం దాటింది, దాంట్లో ఏముందో తెలియదు. ఊరి కుక్కలు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. శనగాకు గిల్లడానికి ఆడవాళ్ళు పదిమంది కూడితే గాని కదిలేవారు కాదు. బడి మూడు గంటలకే వదిలేసేవారు. తొమ్మిది దొడ్లలో నాలుగు మిగిలాయి.

ఉరుకుందమ్మ మంద ముప్పై ఒకటికి వచ్చింది. ముప్పై రెండోది ఒక జింక. కాలు ఈడ్చుకుంటూ ఒకనాటి పొద్దున దొడ్లోకి వచ్చి గొర్రెల మధ్య ఇరుక్కుని కూర్చుంది, మళ్ళీ బయటికి పోలేదు. ఆమె దాన్ని తరమలేదు. సాయంత్రం తలలు లెక్కపెట్టేటప్పుడు దాన్నీ కలిపి లెక్కపెట్టేది.

మారెన్న మంచివాడే. ఉన్నవి అమ్మేసి మా ఇంట్లోనే ఉండు వదినా, ఇంత వండి పెడ్తా ఉండు చాలు అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, ఆమెకు తెలుసు. దాని వెనకే, ఆ ఇంట్లో పొయ్యి ముందు తనకు మిగిలే మూల కూడా కనిపించింది. మంద ఉన్నంతవరకు ఆమె ఉరుకుందమ్మ. మంద పోయిన రోజు, ఎవరింట్లోనో ఉండే ముసలిది. ఏడాది పోనీ, చూస్తా అని మాట దాటేసింది.

సాయంత్రాలు ఆమె గొంగడి కట్టిన స్తంభం వైపే చూస్తూ కూర్చునేది. భయంతోనే చూస్తున్నాననుకునేది. అందులో ఎదురుచూపు కూడా ఉందని ఆమెకు ఎప్పుడు తెలిసిందో చెప్పలేను.

ఏడాది గడిచాక హైమవతి తిరిగొచ్చింది. లెక్కలు సరిపోవడం లేదని ఆమె ఒక్కతే అనుమానపడి వచ్చింది. స్తంభానికి కట్టిన గొంగడి చూసింది. ఎవరు కట్టారో తెలుసుకుని దొడ్డి దగ్గరికి వచ్చింది. ఉరుకుందమ్మ దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. హైమవతి వింటూ వింటూ ఒళ్ళో కంప్యూటర్ తెరిచి, శబ్దం బాగా తగ్గించి, పదిహేడో నంబరు గొంతు వినిపించింది.

దొడ్లో గొర్రెలు తలలెత్తాయి.

"ఇది తోడేలు కాదా?" అని అడిగింది హైమవతి.

"మా ఆయన."

ఆమె ఇంకొకటి వినిపించింది. మారెన్న అంది ఉరుకుందమ్మ. ఇంకొకటి. వంకవతల దొడ్డి రంగన్న. తొమ్మిదీ అయ్యేసరికి హైమవతి కంప్యూటర్ మూసేసి, మట్టిలోనే కూర్చుండిపోయింది. ఆ తొమ్మిది తోడేళ్ళ మీద ఆమె రెండు పెద్ద సభల్లో మాట్లాడింది.

"ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"

"నువ్వు జంతువుల గురించి అడిగినావు, జంతువుల గురించి చెప్పినాం. మనుషుల గురించి అడగలేదు గదమ్మా."

హైమవతి లేచి మట్టి దులుపుకుని, చేయవలసిందేమిటో చెప్పింది. గొంగడి విప్పాలి. స్తంభం మళ్ళీ పెద్ద గుంపులాగా కూయాలి. వచ్చే ఎండాకాలం కాన్పులు తగ్గాలంటే అది ఈ వారంలోనే మొదలుపెట్టాలి. బీరప్ప గొంతును కావాలంటే తీసేయవచ్చు, అది ఒక మీట పని. కానీ రెండేళ్ళ డేటాలో ఒకటి స్పష్టంగా ఉంది. మిషను దాచుకున్న జంతువుల గొంతులు వినీ వినీ పొడుగుకాళ్ళవి అలవాటు పడిపోయాయి. వెనక్కి తగ్గింది ఈ తొమ్మిది గొంతులకే, ఆ రోజులా గొర్రెలే వచ్చి నోట పడితే తప్ప. ఎందుకంటే ఆ గొంతు వెనకాల కర్ర పట్టుకున్న మనిషి ఉంటాడని వాటికి తెలుసు. తొమ్మిదిలోనూ పదిహేడుకు తగ్గినంతగా దేనికీ తగ్గలేదు. పదిహేడు కేక వేసి ఊరుకునేవాడు కాదు, కూత వచ్చిన వైపు పది అడుగులు నడిచేవాడు.

"అది తీసేస్తే మిగతావాటితో ఎంతవరకు ఆగుతుందో నేను చెప్పలేను. తీయకపోతే మీ గొర్రెలు..." అని హైమవతి ఆగింది. "మీరు ఎలా చెబితే అలా చేస్తాను ఉరుకుందమ్మా."

ఉరుకుందమ్మ దొడ్డి వైపు చూసింది. ముప్పై ఒక్క తలలు, వాటి మధ్య సన్నటి మెడ ఒకటి. స్తంభం మౌనంగా ఉంటే ఏడాదిలో ఇవి పోతాయి. ఆయన పిలిస్తే ఈ సాయంత్రమే పోవచ్చు.

"విప్పు," అంది. "ఆయన గొంతు తీయగాకు. రేపు పొద్దు గూకేటప్పుడు కుయ్యనీ. ఈలోగా నేను కంప కట్టుకోవల్ల."

మర్నాడంతా ఆమె, మారెన్న కొత్త కంప కొట్టి రెండు వరసలుగా దొడ్డి చుట్టూ బిగించారు. సాయంత్రానికి హైమవతి స్తంభం దగ్గర, మారెన్న కర్రతో గడ్డి అంచున నిలబడ్డారు. ఉరుకుందమ్మ దొడ్డి లోపల, ముందుండి నడిపే గొర్రెను కొమ్ముల దగ్గర పట్టుకుని కూర్చుంది. చేతులతో ఆపగలననుకుంది.

స్తంభం కూసింది. గడ్డిలోంచి, గుట్టలోంచి, వంకలోంచి జవాబులు లేచాయి. అన్ని ఉన్నాయని ఎవరూ అనుకోలేదు. దొడ్డి చుట్టూ గడ్డి అక్కడక్కడా కదిలింది. అప్పుడు బీరప్ప పిలిచాడు.

ఏడాది తర్వాత వినడం. ఆమె చేతుల్లోంచి కొమ్ములు జారిపోయాయి. మందంతా ఒక్క ఒళ్ళులాగా పడమటికి తిరిగి కంప మీద పడింది. మొదటి వరస వంగిపోయింది. జింక ఒక్కటే కదలలేదు. దానికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. అది ఉరుకుందమ్మ ముఖంలోకి చూస్తోంది.

మారుకేక మగవాళ్ళది. ఆడమనిషి వేయడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు, ఆమె కూడా వినలేదు. లేచి నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. స్తంభంలోంచి రెండో పిలుపు మొదలైంది. చివర్న ఆ ప్రశ్న రాకముందే, ఆ గొంతుకు అడ్డంపడి ఆమె కేక వేసింది. బొంగురుగా, ఎగుడుదిగుడుగా, చివర్న ఏ ప్రశ్నా లేకుండా, కిందికి దిగి నేల తాకినట్టు ఆగింది.

గొర్రెలు ఆగాయి. అటు చూశాయి, ఇటు చూశాయి. మూడో పిలుపు వచ్చింది. ఆమె మళ్ళీ దానికి అడ్డం పడింది, మొగుడి మాట మీద తన మాట వేసి, పూర్తి కానివ్వకుండా. ముందుండే గొర్రె కంపలోంచి తల వెనక్కి లాక్కుంది. వచ్చి ఆమె మోకాలికి ఒళ్ళు ఆనించింది. మిగతావి దాని వెనకాలే వచ్చాయి. గడ్డి అవతల కదలిక ఒక్కచోట ఆగి, కాసేపు నిలిచి, గుట్ట వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఆయన పిలుస్తాడు, ఆమె కాదంటుంది. జ్వరమొచ్చినా మంచం దొడ్డి పక్కకు వేయించుకుని కాదంది. ఆ ఎండాకాలం పొడుగుకాళ్ళవి ఒక్కోటీ నాలుగు కన్నాయి. మరుసటి ఏడు రెండే. గడ్డి తగ్గింది. గుట్ట పక్కన మూడు జింకలు కనిపించాయని ఎవరో చెబితే ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. దొడ్లోని జింక ఒకనాడు కంప దూకి వాటిలో కలిసిపోయింది. ఉరుకుందమ్మ మంద మళ్ళీ యాభై దాటింది. మారెన్న, మా ఇంటికొచ్చి ఉండు అనే మాట మళ్ళీ ఎత్తలేదు.

హైమవతి మెచ్చుకోవడానికి వచ్చి, తెర మీద పట్టిక చూపించింది. మిషను ప్రతి గొంతు పక్కనా తనకు అర్థమైంది రాసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఎవరూ చదవలేదు. పదిహేడో నంబరు పక్కన, మగది, పెద్ద వయసు, ఆరోగ్యంగా ఉంది అని ఉంది. అంతకుముందు లేని కొత్త నంబరు ఒకటి, రెండు వందల ఆరు. ఆడది, పెద్ద వయసు. దాని పక్కన ఇలా రాసి ఉంది: పదిహేడు పిలిచిన ప్రతిసారీ జవాబిస్తోంది. ఒక్క రోజూ తప్పలేదు. విడదీయరాని జంట.

హైమవతి అది చదివి వినిపించి, చదవకుండా ఉండాల్సింది అనుకుంది. ఉరుకుందమ్మ నవ్వింది.

"బతికుండంగా ఆయన ఒక మాటంటే తిరిగి మాట్లాడింది ల్యా నేను. ఇప్పుడు దినామూ ఎదురు చెప్తాండా. దీన్నా మీ మిషను జంట అనేది?"

తర్వాత తన గొంతు కూడా అందులోకి ఎక్కిందా అని అడిగింది. ఎక్కిందని చెప్పింది హైమవతి.

"అయితే నేను పోయినాక నన్ను కూడా పిలిపిస్తాది."

హైమవతి తల ఊపింది.

"అప్పుడు గొర్రెలు ఎవరి మాట వినల్ల?"

హైమవతి కంప్యూటర్ మూసి సంచిలో పెట్టుకుంది.  ఆ మాట ఊళ్ళోకి పాకింది. బతికున్న గొంతులన్నీ స్తంభం దాచిపెడుతుందని, చనిపోయినా వదలదని అందరికీ అర్థమైంది. ఆ మర్నాటి నుంచి పొద్దు వాలితే ఊళ్ళో గట్టిగా మాట్లాడేవాళ్ళు లేరు. బీడు పక్క ఇళ్ళల్లో తల్లులు ఏడ్చే పసిబిడ్డ నోటికి కొంగు అడ్డం పెడతారు. మిగిలిన కాపరులు ఆ వేళకు పెదవి విప్పరు. వాళ్ళ మందలు కూడా ఉరుకుందమ్మ ఒక్కదాని కేక విని నిలబడతాయి. ఏ జంతువూ మీదపడని ఊరు అది ఇప్పుడు. పంటలు నిండుగా ఉన్నాయి, జింకలు అందంగా ఉన్నాయి. ఊరంతా ఒక ముసలావిడ గొంతుకు వేలాడుతోంది.

అందుకే మన ఊళ్ళో ఈ వేళకు వంట చేసేవాళ్ళు గరిటె ఆపుతారు. నడిచేవాళ్ళు ఉన్నచోట నిలబడిపోతారు. మీరు కూడా ఒక్క నిమిషం కదలకండి.

విన్నారా? చివర్న పైకి లేచి ఆగిందే, అది పదిహేడో గొంతు. ఇంకా లేవకండి. ఇంకొకటి రావాలి.

వచ్చింది. ఎటు నుంచి వచ్చింది, చెప్పండి? మెల్లగా చెప్పండి. అవును, దొడ్డి వైపు నుంచే. స్తంభం వైపు నుంచి కాదు.

సరే, ఇవాళ్టికి అంతే. లేవండి, ఇళ్ళకు పోయి వేడిగా అన్నం తినండి.